రెండు ముక్కల తుపాకులు, ఒక తాళంచెవి

బొద్దింక కనిపిస్తే మా ఆయన నన్ను పిలుస్తాడు. అలాంటి మనిషి దగ్గర నాలుగు రైఫిళ్ళు ఉన్నాయంటే మా చుట్టాలెవరూ నమ్మరు. నమ్మినవాళ్ళు వెంటనే అడిగేది ఏం వేటాడతాడని. ఏమీ వేటాడడు. ఈ న్యూజిలాండ్‌లో కుందేళ్ళు గడ్డంతా తినేస్తున్నాయని రైతులు మొత్తుకుంటుంటారు, కొట్టిపెడితే దండం పెడతామంటారు. అయినా మా ఆయన తుపాకుల వల్ల ఇప్పటిదాకా ఒక్క ప్రాణీ పోలేదు. ఆయన వాటిని తుడుస్తాడు. విడదీస్తాడు, మళ్ళీ కలుపుతాడు, ఇంకోసారి తుడిచి లోపల పెడతాడు. ఆదివారం బిర్యానీ తిన్నాక మగవాడు కాసేపు నడుం వాల్చాలి గాని, ఇదేం పనో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

అవి మామూలు తుపాకులు కూడా కావు. టేక్‌డౌన్ రైఫిళ్ళంటారు. ఓ చిన్న మీట నొక్కి, గొట్టాన్ని కాస్త తిప్పితే తుపాకీ రెండు ముక్కలవుతుంది. ముందు సగం గొట్టం. వెనక సగంలో చెక్కా, ట్రిగ్గరూ. వందేళ్ళ కిందట వేటకు పోయే దొరలు రైల్లోనో గుర్రం మీదో వెళ్ళేవారు. అంత పొడుగు తుపాకీని మోయలేక ఇలా సగం చేసి తోలుపెట్టెలో సర్దుకునేవారట. ఆ దొరలు పోయారు, ఆ గుర్రాలు పోయాయి, తోలుపెట్టెలు మాత్రం మా ఇంటికి వచ్చాయి.

పాతదైతే చాలదు మా ఆయనకు. పాతదై ఉండీ చెడకుండా ఉండాలి. గొట్టం మీద మొదట వేసిన నీలి మెరుపు అలాగే ఉండాలి. చెక్కను గీకి ఎవరూ కొత్త వార్నిష్ కొట్టి ఉండకూడదు. రెండు సగాల మీదా ఒకే నంబరు ఉండాలి. లేకపోతే ఎక్కడో జత విడిపోయిన రెండింటిని తెచ్చి అతికించారన్నమాట. అన్నిటికంటే ముందు ఆయన చూసేది స్క్రూలు. స్క్రూ తలలు అరిగి ఉన్నాయంటే ఎవడో చేతకానివాడు దాన్ని విప్పాడని లెక్క. మా పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత పరీక్షగా చూడలేదు.

ఓసారి వైకటో వైపు ఒక పాత ఫామ్‌లో సామాన్లన్నీ వేలం వేస్తున్నారంటే, పులిహోర కట్టుకుని, పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పొద్దున్నే బయలుదేరాం. అక్కడ పశువుల కొట్టంలో ఓ బల్ల మీద ఆయనకు కావలసిన రకం రైఫిలే ఉంది. పెద్దాయన ఒకాయన ప్రేమగా చేతికిచ్చాడు. మా ఆయన జేబులోంచి చిన్న భూతద్దం తీసి, రెండు నిమిషాలు చూసి, "సారీ" అని తిరిగి ఇచ్చేశాడు.

"ఏమైంది?" అన్నాను.

"స్క్రూ చూడు. ఎవడో తెల్వనోడు ఇప్పిండు."

"గింత దూరం పెట్రోల్ పోసుకొని వచ్చింది గా స్క్రూ చూసి వాపస్ పోనీకేనా?"

ఆ పెద్దాయనకు మా భాష రాకపోయినా గొడవ అర్థమై నవ్వాడు. తన భార్య కూడా అలాగే అంటుందన్నాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్న సామెత ఆయనకు ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఇక తాళంచెవి సంగతి. మా అమ్మ ఇంటి తాళాల గుత్తి నడుముకు దోపుకుని తిరిగేది. బియ్యం గది, బీరువా, మా నాన్న టేబుల్ సొరుగు, అన్నీ ఆమె నడుము దగ్గరే. ఇల్లు నడపడమంటే ఇంట్లో ఏది ఎక్కడుందో తెలిసి ఉండటమేనని నాకు పాలతో పాటు పట్టిన బుద్ధి. మా ఆయన సాక్సు జత నుంచి మా పాప స్కూల్లో పోగొట్టుకున్న టోపీ దాకా నన్నడిగితే దొరుకుతాయి. ఇక్కడి చట్టానికి ఈ బుద్ధి నచ్చదు. తుపాకులు ఇనుప బీరువాలో ఉండాలి, దాని తాళంచెవి లైసెన్సు ఉన్న మనిషికి తప్ప ఇంట్లో ఇంకెవరి చేతికీ దొరకకూడదు. కట్టుకున్న భార్యకైనా సరే.

మొదటిసారి ఆయన లైసెన్సు తీసుకున్నప్పుడు మేం పాపటోయిటోయిలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఆయన ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడౌన్‌లో పని చేసేవాడు. నేను పెళ్ళై వరంగల్ నుంచి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇక్కడ లైసెన్సు ఇచ్చే ముందు పోలీసుల తరఫున ఒక అధికారి ఇంటికొచ్చి, భార్యను విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. మీ ఆయన ఎలాంటివాడు, కోపిష్టా, తాగుతాడా, ఆయనతో మీకు భయమేమైనా ఉందా అని. ఆరోజు వచ్చినాయన చివర్లో, తాళంచెవి ఎక్కడుంటుందో తెలుసా అని అడిగాడు. నాకు అప్పటికి బస్‌స్టాప్ ఎక్కడుందో కూడా తెలియదు. "నాకేమీ తెలియదు" అన్నాను. అదే సరైన జవాబని ఎవరూ నాకు చెప్పలేదు. లైసెన్సు హాయిగా వచ్చేసింది.

మళ్ళీ రెన్యువల్ వచ్చేసరికి మేం హాబ్సన్‌విల్‌లో కొత్త టౌన్‌హౌస్‌కు మారాం. తుపాకులు నాలుగయ్యాయి, పాప మూడో తరగతికి వచ్చింది, నాకు బస్‌స్టాపే కాదు, ఈ ఊళ్ళో ఏ షాపులో కరివేపాకు తాజాగా దొరుకుతుందో కూడా తెలుసు. ఈసారి వచ్చినావిడ నెరిసిన జుట్టుతో, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌లా ఉంది. సకినాలు పెడితే రెండు తిని, ఎలా చేస్తారని అడిగింది. మా ఆయన్ని పాలు తెమ్మని వీధి చివరి కొట్టుకు పంపేసి నాతో మాట్లాడింది. అన్ని ప్రశ్నలకూ నేను మా ఆయన పరువు నిలబెట్టాను. తాగడు, అరవడు, బొద్దింకను కూడా చంపడు. చివర్లో అడిగింది, "తుపాకుల బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో మీకు తెలుసా?"

"తెలియకేం? మా ఇంట్లో నాకు తెలియనిది ఏదీ లేదు. మా ఇద్దరి మధ్య దాపరికాలు లేవు" అన్నాను గర్వంగా. అంతటితో ఆగినా బాగుండేది. కూర్చున్నచోట నుంచి లేచి, వంటింట్లోకి వెళ్ళి, కందిపప్పు డబ్బాలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ కాసేపు ఆ తాళంచెవినీ, దానికి అంటుకున్న పప్పుగింజనూ చూసింది. మంచి సంసారమని నా భుజం తట్టి, ఈరోజు సంతకం పెట్టలేనంది. పాపకూర అనే ఊళ్ళో పాత తుపాకులమ్మే షాపు ఒకటుంది, మా ఆయన సగం వస్తువులు అక్కడ కొన్నవే. సంగతి తేలేదాకా నాలుగు రైఫిళ్ళూ ఆ షాపు బీరువాలో ఉండాలంది. తర్వాత రెండు దారులున్నాయంది. తాళంచెవి నాకు ఎప్పటికీ దొరక్కుండా ఆయన ఏర్పాటు చేసుకోవాలి, లేకపోతే నేను కూడా లైసెన్సు తీసుకోవాలి. ఈలోపు గడువు దాటితే ఆ నాలుగింటినీ అమ్ముకోవలసిందే.

కార్లో పాపకూర వెళ్తుంటే ఆయన ముఖం చూడాలి. డిక్కీలో నాలుగు తోలుపెట్టెలు. మోటర్‌వే ఎక్కాం.

"తెల్వదని చెప్తే అయిపోతుండె గదా" అన్నాడు.

"తెల్సినదాన్ని తెల్వదని ఎట్ల చెప్తా? పోలీసోళ్ళ ముంగట అబద్ధమాడాల్నా? అసలు కందిపప్పు డబ్బాల పెట్టమని ఎవరన్నరు? రోజూ పప్పు వండేది నేను."

"అందుకే పెట్టిన. దొంగలు పప్పు డబ్బా చూడరని."

దొంగలు చూడరు, నిజమే. ఇంతకుముందు బూటులో పెట్టాడు, ఆ బూట్లు తుడిచేదాన్ని నేనే. దేవుడి పటం వెనక పెట్టాడు, దీపం పెట్టేదాన్నీ నేనే. ఇల్లు ఊడ్చే మనిషికి కనపడకుండా ఆ ఇంట్లో ఏదైనా దాచొచ్చనుకునేవాణ్ణి ఏమనాలి? నేను ఇప్పటికీ అంటాను, నేను చెప్పిన జవాబులో తప్పేమీ లేదు. ప్రశ్నలోనే ఉంది.

ఆయన మొదటి దారి పట్టాడు. బీరువాకు నంబర్ల తాళం పెట్టించాడు. పెట్టించిన సాయంత్రమే నాకు నంబరు తెలిసిపోయింది. ఆయన నొక్కేటప్పుడు అంకెలు పైకే గొణుగుతాడు, చిన్నప్పుడు ఎక్కాలు కూడా అలాగే చదివాడట. మార్చాడు. మళ్ళీ తెలిసింది, ఈసారి పాప పుట్టినరోజు. మూడోసారి నేనే వినకూడదని చెవులు మూసుకుని బాల్కనీలోకి పోయాను. అయినా ఆరోజు రాత్రి భోజనాల దగ్గర పాప, "అమ్మా, డాడీ న్యూ కోడ్ ఈజ్ సో ఈజీ" అంది.

తుపాకులు వెళ్ళిపోయాక ఆదివారాలు ఆయనకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నా కుక్కర్ మూత విప్పి వాషర్ తుడిచాడు. మిక్సీ జార్లు విడదీసి మళ్ళీ కలిపాడు. సోఫాలో కూర్చుని భూతద్దంతో టీవీ రిమోట్ స్క్రూలు చూస్తుంటే నాకు నిజంగా జాలేసింది. ఆ తుపాకుల మీద నాకు ప్రేమ లేదు, కానీ ఆయన వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడు ముఖంలో వచ్చే నెమ్మది మీద ఉంది. దానికి తోడు నా సొంత ఇంట్లో నేను ముట్టుకోకూడని తలుపు ఒకటుందన్న మంట ఎలాగూ ఉంది.

"నేనే లైసెన్స్ తీసుకుంట. అప్పుడు తాళంచెవి ఎక్కడుంటే ఏంది?" అన్నాను.

ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన రిమోట్ పక్కన పెట్టి, "ఎందుకులే, వద్దు" అన్నాడు.

"ఎందుకొద్దు?"

"ఊకెనే. నీకెందుకు గీ లొల్లి. అమ్మేద్దాం తీ."

ఒక స్క్రూ కోసం వైకటో నుంచి వట్టి చేతులతో వచ్చిన మనిషి, నాలుగు తుపాకుల్ని అమ్మేద్దామంటున్నాడు! నాకు ఒళ్ళు మండింది. ఆడదాని చేతికి తన వస్తువులు ఇవ్వడం ఇష్టం లేక ఇలా అంటున్నాడనుకున్నాను. అనుకోవడమేమిటి, ముఖం మీదే అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారమని నేను మర్నాడే కోర్సుకు పేరిచ్చేశాను.

శనివారం కోర్సు ఒక కమ్యూనిటీ హాల్లో జరిగింది. వేటకు పోయే కుర్రాళ్ళూ, ఇద్దరు రైతులూ, కుర్తీ వేసుకుని నేను. ఏ తుపాకీ చేతికొచ్చినా నిండి ఉందనే అనుకోవాలి, గురి పెట్టకూడని వైపు గొట్టం తిప్పకూడదు, కాల్చే ముందు ఎదురుగా ఉన్నదేమిటో, దాని వెనక ఉన్నదేమిటో తేల్చుకోవాలి. పొయ్యి మీద వేడి నూనె ఉన్నప్పుడు పిల్లల్ని కాసుకునే జాగ్రత్తే ఇది. నాకు కొత్తగా నేర్పేదేమీ లేదు. పరీక్ష మొదటి ప్రయత్నంలోనే పాసయ్యాను. ఒక రైతు నన్ను మెచ్చుకుంటూ జింకమాంసం పంపిస్తానన్నాడు. ఇంటికొచ్చి సర్టిఫికెట్ ఫ్రిజ్ మీద అంటించాను, మా ఆయన నీళ్ళ బాటిల్ తీసుకునే వైపు.

ఆ నెరిసిన జుట్టావిడే మళ్ళీ వచ్చింది. ముందు నాతో మాట్లాడింది. ఎప్పుడైనా మనసు బాగాలేక వైద్యం తీసుకున్నారా అని అడిగింది. తీసుకున్నానని చెప్పాను. పాపటోయిటోయిలో పాప పుట్టాక కొన్ని నెలలు నేను నేనుగా లేను. ఏడుపు వచ్చేది కాదు, నవ్వు వచ్చేది కాదు. పాప గుక్కపట్టి ఏడుస్తున్నా అది పక్కింట్లో ఎక్కడో వినిపిస్తున్నట్టుండేది. మిడ్‌వైఫ్ కనిపెట్టి డాక్టరు దగ్గరికి పంపింది, మందులు వాడాను, తగ్గింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. సిగ్గుపడాల్సింది కాదని ఇప్పుడు తెలుసు కాబట్టి ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తలూపి, ఇప్పుడు మీ వారితో మాట్లాడాలి, మీరు కాసేపు అలా వెళ్ళి రండి అంది.

కిందటిసారి ఆయన వెళ్ళినట్టే నేను పాలకు వెళ్ళాను. ఫ్రిజ్ నిండా పాలున్నాయి. సముద్రం వైపు రోడ్డు మీద నడుస్తూ ఆయన ఏం చెబుతుంటాడో ఊహించుకుని నాలో నేనే నవ్వుకున్నాను. కోపిష్టా అంటే ఏమంటాడు? అరుస్తుందా అంటే ఏమంటాడు? పోనీలే, అబద్ధం చెప్పడం రాని మనిషి, అరుస్తుందనే చెబుతాడు.

తిరిగొచ్చేసరికి అద్దాల తలుపులోంచి ఇద్దరూ కనిపించారు. మా ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆవిడ నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరుపుతోంది. పాల క్యాన్ పట్టుకుని గుమ్మంలోనే ఆగాను. లైసెన్సు పోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో లైసెన్సు కంటే ఆయనకేమైందోనన్న భయమే ఎక్కువ.

ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుంది. "మీ ఆయన నాకో సంగతి చెప్పారు. అది మీకు తెలియదట. ఆయన నోటితోనే వింటే బాగుంటుంది. మీ డాక్టరుకు నేను రాస్తాను. మీరప్పుడు సాయం అడిగారు, అది నేను మంచిగానే లెక్కవేస్తాను" అని చెప్పి వెళ్ళిపోయింది. లైసెన్సు తర్వాత వచ్చింది, తుపాకులూ ఇంటికొచ్చాయి. అది వేరే సంగతి.

"ఏం చెప్పినవ్?" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "పాప పుట్టినప్పుడు నీకు బాగలేకుండె గదా. అప్పుడు ఇంట్ల రెండు రైఫిళ్ళుండె. వాటి ముందు సగాలు తీస్కపోయి పాపకూర షాపుల పెట్టొచ్చిన. పెట్టెలల్ల వెనక సగాలే ఉండె. నువ్వు మంచిగైనంక తెచ్చిన."

మా ఇంట్లో నాకు తెలియనిది ఏదీ లేదని ఆవిడ ముందు చెప్పింది నేనే. ఆ తాళంచెవి అప్పుడు కూడా ఎక్కడుందో నాకు తెలుసు, బూటులో. ఒక్కసారీ ఆ బీరువా తెరవాలనిపించలేదు. తెరిచి ఉంటే పెట్టెలు సగం ఖాళీగా కనిపించేవి.

నాకు ముందు కోపమే వచ్చింది. "నేనేం చేస్తననుకున్నవ్?"

"ఏమనుకోలే. భయమైంది."

"ఎవరికేమైతదని? పాపకా?"

"నీకు" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "గిప్పుడు నువ్ లైసెన్స్ అంటే మల్ల గదే గుర్తొచ్చింది. ఆమె అడిగితే దాయబుద్ధి కాలే. రోజూ మధ్యాహ్నం ఇంటికొచ్చి చూసిపోయిన సంగతి కూడా చెప్పిన" అన్నాడు.

రోజూ మధ్యాహ్నం. ఆ మాట విని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ ఏడు ఆయన మధ్యాహ్నం కాగానే ఇంటికి వచ్చేవాడు. ఓరోజు పర్సు మర్చిపోయాననేవాడు. ఓరోజు చార్జర్, ఓరోజు టిఫిన్ డబ్బా. తలుపు తీసి నన్ను చూసి, పాపను చూసి, మర్చిపోయింది తీసుకుని మళ్ళీ గోడౌన్‌కు పరిగెత్తేవాడు. ఇంత మతిమరుపు మనిషిని ఎక్కడా చూడలేదని నేను అమ్మకు ఫోన్లో చెప్పి విసుక్కునేదాన్ని. పర్సు కూడా గుర్తుండని వాడివి సంసారం ఏం చేస్తావని ఆయన ముఖం మీదే అన్నాను. ఏమీ అనకుండా పర్సు జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. నేను మామూలు మనిషినయ్యాక ఆ మతిమరుపు తగ్గిపోయింది. వయసు మీద పడి బుద్ధి వచ్చిందనుకున్నాను.

ఏడవకూడదనుకున్నాను గాని ఏడుపు వచ్చేసింది. ఆయన నా పక్కన నిలబడి ఏం చేయాలో తెలియక, నేను తెచ్చిన పాల క్యాన్ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాడు.

"ఒక్కసారన్న చెప్పాలె గదా" అన్నాను.

"చెప్తే నన్ను మధ్యాహ్నం ఇంట్లకు రానిచ్చేదానివా?"

ఆలోచించాను. రానిచ్చేదాన్ని కాదు.